చంద్రగిరిలో దిగినవాడు

12 అక్టోబరు 1945, శుక్రవారం. చిత్తూరు.

సోమవారం నుంచి గడియారాలన్నీ గంట వెనక్కి పెట్టుకోవాలని సర్కారు ఆర్డరు. యుద్ధం పేరు చెప్పి మూడేళ్ల కిందట ఒక గంట ముందుకు తోశారు. యుద్ధం అయిపోయింది కాబట్టి ఆ గంట ఇప్పుడు తిరిగి ఇచ్చేస్తారట. ఎవరి గంట ఎవరికిస్తారు? హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడిస్తే ప్రభువు పొద్దు నీడను పది మెట్లు వెనక్కి నడిపించాడు. అక్కడ కన్నీళ్లున్నాయి. ఇక్కడ గుమాస్తా సంతకం ఉంది. ఆదివారం తిరుపతి ప్రార్థన ఇంట్లో ఇదే మాట్లాడతాను. గొంతు బాగుంది.

యతిరాజులు అయ్యవారు కోటు ట్రయల్‌కు వచ్చారు. తిరుపతి వైష్ణవులు. మద్రాసులో ఫిజిక్సు చదివి వచ్చి ఇక్కడి హైస్కూల్లో పాఠం చెబుతున్నారు. నా కుట్టుమిషను మీద మా క్రైస్తవుల వేదం ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఆయన వచ్చినప్పుడల్లా ఒక వాదన తప్పదు. ఈ రోజు కాలం గురించి. గంట వెనక్కి పోయేది అట్లుండనీ, అసలు గంట అనేది ఉందా అని మొదలుపెట్టారు.

“ఏమప్పా సుందరరాజూ, నువ్వు సుద్దతో గీసేదానికి ముందు ఆ గీత గుడ్డలో యాడుండాది?”

యాడా లేదన్నాను. చోటూ కాలమూ కూడా అట్లాంటి గీతలేనేమో అని సీమదేశాల్లో పెద్ద చదువుల వాళ్లు అనుమానపడుతున్నారట. రెండు సందులున్న రేకు మీదికి వెలుగు రేణువులను ఒక్కొక్కటిగా వదులుతారట. అవతల ఫిలిం మీద పోగుపడే గుర్తులు చూస్తే ప్రతి రేణువూ రెండు సందుల్లోనూ పోయిందనే చెప్పాలట. ఏ సందులో పోతోందో చూద్దామని కాపలా పెడితే మాత్రం ఒకదాంట్లోనే పోతుందట. నడుమ అది ఎక్కడుంది అనే ప్రశ్నకు జవాబు, అడిగేదాకా లేదట.

నేను ఊరుకోలేదు. కాలానికి ఒక మొదలుందని వేదం మొదటి పేజీలోనే ఉంది, ఏ రేణువు ఎక్కడుందో చూసే కన్ను పైన ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంది అని గట్టిగా చెప్పాను. దారిన పోయేవాళ్లు ఇద్దరు ఆగి విన్నారు. అయ్యవారు నవ్వి, అట్లయితే మీ దేవుడు మా లెక్కంతా చెడగొడతాడప్పా అని, ఎడమ భుజం బిగువుగా ఉందని చెప్పి వెళ్లారు.

13 అక్టోబరు, శనివారం.

చంద్రగిరి నుంచి కబురు. కుప్పయ్యకు మశూచి.

కుప్పయ్య రాళ్లు కొట్టేవాడు. చంద్రగిరి స్టేషన్‌కు రెండు మైళ్లలో, కోట కొండ కింద అతని పల్లె. నా మాట విని ప్రభువు వైపు తిరిగినవాళ్లలో మొదటివాడు. తిరిగినప్పటి నుంచి అన్నదమ్ములు అతని గడప తొక్కలేదు. కబురు తెచ్చింది అతని బావమరిది పెంచలయ్య, రైల్వే గ్యాంగ్ కూలి. బావకు అమ్మవారు పోసిందన్నాడు. రోగానికి అమ్మ పేరు పెడతారా అని తిట్టాను. నా తిట్టు అయ్యేదాకా ఆగాడు.

“నిన్నే అడగతా ఉండాడు ఉపదేశయ్యా. సచ్చేటప్పుడు పక్కన ఉంటానని మాటిచ్చినావంటనే.”

ఇచ్చాను. సంతలో, అందరి ముందు.

ఇంకొకటి కూడా రాయాలి. మార్చిలో టీకాల ఇన్‌స్పెక్టర్ ఆ పల్లెకు వచ్చినప్పుడు, గొర్రెపిల్ల నెత్తురు గుమ్మానికి పూసుకున్న ఇంటిని చావు దాటిపోతుందని వేదంలో ఉంది, ఇక సూదిపోటు ఎందుకని అదే సంతలో గర్జించాను. అందరూ విని ఇళ్లకు పోయి చేతులు చాపారు. కుప్పయ్య ఒక్కడు చాపలేదు. నేనూ చాపలేదు.

రేపు తిరుపతి. సోమవారం తిరుగు బండిలో చంద్రగిరిలో దిగుతాను. మునిరత్నమ్మకు చెప్పాను. పెళ్లయిన పదకొండేళ్లలో నన్ను ఎక్కడికీ వద్దనలేదు. ఈసారీ అనలేదు.

14 అక్టోబరు, ఆదివారం. తిరుపతి.

ప్రసంగం మండింది. ఇద్దరు ఏడ్చారు. తర్వాత ప్రార్థన ఇంటి గోడ గడియారం సరిచేశాం. ముల్లు వెనక్కి తిప్పితే మర చెడుతుంది కాబట్టి లోలకం ఆపి, గంటసేపు దాని కిందే కూర్చుని, మళ్లీ ఊపాం.  

15 అక్టోబరు, సోమవారం. సాయంత్రం 7.

చంద్రగిరిలో దిగలేదు.

16 అక్టోబరు, మంగళవారం.

రాస్తాను.

బండి చంద్రగిరిలో క్రాసింగ్ కోసం ఆగింది. ఎదురు బండి కొత్త టైముకు బయలుదేరిందో పాత టైముకు బయలుదేరిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. గంట పట్టొచ్చని గార్డు చెప్పాడు. పట్టింది.

సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు లోపల. కోట కొండ ఎదురుగా కనిపిస్తోంది. రెండు మైళ్లు. నేను వేగంగా నడిస్తే అరగంట. రైలుపెట్టెలో ఎవరూ లేరు. ప్లాట్‌ఫారం మీద నావైపు చూసేవాళ్లు ఎవరూ లేరు. ఎవరైనా ఒక్కరు, ఏమయ్యా దిగుతావా లేదా అని అడిగి ఉంటే దిగి ఉండేవాణ్ని.

నా చేతులు చూసుకున్నాను. టీకా మచ్చ లేని చేతులు. వాటి మీద కురుపులు లేచినట్టు, మొహమంతా చీము పట్టినట్టు కనిపించింది.  నీనెవెకు పొమ్మంటే తర్షీషు ఓడ ఎక్కిన యోనాను ఎన్నో ప్రసంగాల్లో ఎగతాళి చేశాను. జనాన్ని నవ్వించాను. యోనా కనీసం లేచి పరుగెత్తాడు. నేను కూర్చున్నాను.

ఎదురు బండి వచ్చింది. మాది కదిలింది. పాకాలలో మారాను. చిత్తూరులో దిగి తిన్నగా షాపుకు వచ్చి కాజాలు కుడుతూ కూర్చున్నాను. పన్నెండు కాజాలు. ఒక్కటీ వంకర పోలేదు.

ఇది ఎవరికీ చెప్పను. ఇక్కడ రాశాను. చాలు.

19 అక్టోబరు, శుక్రవారం.

కుప్పయ్య పోయాడు. మంగళవారం తెల్లవారుతుండగా.

పెంచలయ్య షాపు మెట్ల మీద కూర్చుని చెప్పాడు. తిడతాడని తల వంచుకున్నాను. అతను నా కాళ్లు పట్టుకోబోయాడు.

“నువ్వు రాకుండా ఉంటే బావ కుక్కసావు సచ్చుండు ఉపదేశయ్యా.”

సోమవారం సాయంత్రం నేను వెళ్లానట. పెంచలయ్య ప్లాట్‌ఫారం కొసన పట్టాల కింద కంకర సర్దుతూ, నేను బండి దిగడం కళ్లారా చూశాడట. కేక వేస్తే వెనక్కి తిరగలేదట. ఆ ఇంట్లో ఉన్నది కుప్పయ్య భార్య సుబ్బులమ్మ ఒక్కతే. చిన్నప్పుడే మశూచి పడి లేచిన మనిషి కాబట్టి ఆమెకు భయం లేదు. మిగతాది ఆమె చెప్పిందట. గుమ్మానికి కట్టిన వేపాకు చేత్తో పక్కకు నెట్టి లోపలికి వచ్చానట. నులకమంచం పట్టె మీద కూర్చుని కుప్పయ్య కుడిచెయ్యి నా రెండు చేతుల్లో పెట్టుకుని, దీపాలు పెట్టే వేళ దాకా ఉన్నానట. అంతవరకు అరిచిన మనిషి నిమ్మళించాడట.

రాలేదని చెప్పడానికి నోరు తెరిచాను. పెంచలయ్య ఏడుస్తున్నాడు. మూశాను. దాన్ని వినయం అనుకుని ఇంకా ఏడ్చాడు.

20 అక్టోబరు.

ఇద్దరు సాక్షుల నోట ఏ మాటైనా స్థిరపడుతుందని నేనే చెబుతూ వచ్చాను. నేను పోయానని చెప్పేవాళ్లు ఇద్దరు. పోలేదని చెప్పేవాణ్ని నేనొక్కణ్ని.

22 అక్టోబరు, సోమవారం. పగలు 11.

అయ్యవారు కోటు తీసుకెళ్లడానికి వచ్చారు. అద్దం ముందు నిలబెట్టి గుండీలు పెడుతూ అడిగాను. ఆ రేణువు రెండు సందుల్లో పోయిందన్నారే, మనిషి పోగలడా?

రేణువుకు చెల్లేది కోటు తొడుక్కునేవాళ్లకు చెల్లదప్పా అన్నారు. చెల్లేది ఎక్కడ ఆగుతుంది, ఆ హద్దు ఎక్కడ అని అడిగాను. అది ఇంకా ఎవరూ గీయలేదన్నారు.

వేదం తెరిచి ఫిలిప్పు కథ చూపించాను. గాజా దారిలో నపుంసకుడితో నీళ్లలో నిలబడినవాడు, మరుక్షణం అక్కడ లేడు. అజోతు ఊళ్లో కనబడ్డాడు. అయ్యవారు రెండుసార్లు చదివారు. ఏ దారిన వచ్చినావని ఫిలిప్పును అజోతులో ఎవరైనా అడిగినారా అన్నారు. అడిగినట్టు లేదన్నాను.

“అడగలేదు గాబట్టే సరిపోయింది” అని నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆయనా ఆపారు.

అప్పుడు అడగకపోయినా, తర్వాత ఎప్పుడో ఒకరు తేల్చి చూస్తే అని అడిగాను. అప్పుడూ ఒక దారే మిగులుతుందట. జరిగిపోయిన తర్వాత చూసినా అంతేనా అన్నాను.

“అయిపోయింది, కాలేదు అనేవి మన సుద్దగీతలని చెప్పినా గదప్పా. నీ మొహమేంది అట్ల పాలిపోయింది?”

భుజం సరిపోయిందా అని అడిగాను. సరిపోయిందన్నారు.

23 అక్టోబరు, మంగళవారం. ఉదయం.

మునిరత్నమ్మ కాఫీ ఇస్తూ మామూలుగా అడిగింది. ఆ సోమవారం నువ్వు నేరుగా పెరట్లోకి వచ్చి, బావి దగ్గర నీళ్లు పోసుకుని, నన్ను దగ్గరికి రావద్దన్నావు కదా, ఎవరింటి నుంచి వచ్చినావు అని. ఒళ్లంతా వేపాకు వాసన వేసిందట. మళ్లీ బట్టలు మార్చుకుని షాపుకు పోయానట.

నేను స్టేషన్ నుంచి షాపుకు వచ్చాను. షాపు నుంచి ఇంటికి వచ్చాను.

విడిచిన చొక్కా ఏదని అడిగాను. ఉడకబెట్టి ఆరేశానని తీగ వైపు చూపించింది. నా చొక్కానే. కాలరు మీద నా కుట్టు. ఆ రోజు నేను షాపులో తొడుక్కుని ఉన్నదీ అదే.

ఆ స్నానం చేసిన మనిషి తర్వాత ఎక్కడికి పోయాడు?

25 అక్టోబరు, గురువారం.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది.

కుప్పయ్యకు ఒక్కతే కూతురు, తిరుమలమ్మ. నాలుగేళ్ల కిందట తండ్రికి చెప్పకుండా రేణిగుంటలో ఒక లారీ డ్రైవరును పెళ్లి చేసుకుంది. తాను బతికున్నా చచ్చినా అది తన గడప తొక్కకూడదని కుప్పయ్య ఒట్టు పెట్టాడు. ఆ డ్రైవరు పట్టాళంలో చేరి బర్మాలో పోయాడు. తండ్రి సంగతి తెలిసి తిరుమలమ్మ వచ్చింది. తల్లి తలుపు తీయలేదు. పక్కింటివాళ్ల గొడ్ల కొట్టంలో పడుకుంటోంది.

ఇక పెంచలయ్య తెచ్చిన మాట. ఆ సోమవారం కుప్పయ్య నన్ను దగ్గరికి వంగమని, నా చెవిలో ఏదో చెప్పాడట. నేను తల ఊపానట. సుబ్బులమ్మ చూసిందట గానీ వినపడలేదట.

“బిడ్డ గురించే చెప్పుంటాడు. నీ చెవిలో ఆయన ఏం జెప్పినాడో అదే చేస్తానంటాది మాయక్క. రానియ్యమంటే రానిస్తాది. వద్దంటే ఆ పిల్లను ఆ పొద్దే రేణిగుంట బండెక్కిస్తాది. ఆదివారం వచ్చి చెప్పిపో.”

26 అక్టోబరు, శుక్రవారం.

రానియ్యమన్నాడని చెబితే చాలు. ఒక ఆడబిడ్డ గొడ్ల కొట్టంలో నుంచి ఇంట్లోకి వస్తుంది. ఎవరికీ నష్టం లేదు. నా నోరు రెండు వైపులా పదునైనది, ఎంతో కష్టమైన మాటలు చెప్పింది, ఇదొక లెక్కా?

చెప్పలేను. చచ్చినవాడి నోట్లో నేను మాట కూర్చడమవుతుంది. వద్దన్నాడేమో! అసలు వేరే సంగతేదో చెప్పాడేమో! విన్నవాడు ఆ దిగినవాడు. వాడు నాకు చెప్పలేదు.

నిజం చెబితే? అయ్యవారి మాట వదలడం లేదు. తేల్చి చూస్తే ఒక దారే మిగులుతుంది. చూసేది తర్వాతైనా సరే. నేను రాలేదని నా నోటితో చెప్పిన క్షణం ఆ మంచం పట్టె ఖాళీ అవుతుంది. కుప్పయ్య చెయ్యి ఎవరి చేతుల్లోనూ ఉండదు. పదకొండు రోజుల కిందటి సాయంత్రం అతను మళ్లీ ఒంటరిగా అరుస్తాడు.

ఇది సైతాను తర్కమా? భయపడినవాడికి ఎప్పుడూ ఒక తర్కం దొరుకుతుంది. ప్రధాన యాజకుడి పెరట్లో చలిమంట కాచుకుంటూ ప్రభువును ఎరగనని బొంకిన పేతురుకూ దొరికి ఉంటుంది.

మోకాళ్ల మీద ఉన్నాను. 

28 అక్టోబరు, ఆదివారం. సాయంత్రం, తిరుగు బండిలో.

చెప్పాను.

సుబ్బులమ్మ గుమ్మంలో నిలబడింది. తిరుమలమ్మ వాకిట్లో తండ్రి కొట్టిన రాళ్ల గుట్ట దగ్గర మూట పెట్టుకుని నిలబడింది. ఇద్దరూ నా నోటి వైపు చూస్తున్నారు.  నేను ఆ రోజు రాలేదమ్మా, బండిలోనే కూర్చున్నాను, భయపడ్డాను, నా మాట వినబట్టే మీ ఆయన టీకా వేయించుకోలేదు, అని అంతా ఒక్క ఊపున చెప్పేశాను.

మీద పడి కొడుతుందనుకున్నాను. తనకు ఎప్పుడో తెలిసిన సంగతి చెప్పినట్టు చూసింది.

“నువ్వు రాలేదని నాకు తెలీదా? తలుపు తెరిసి పెట్టుకోని దీపాలేళ దాకా సూసినాడు. అరిసి అరిసి పోయినాడు. ఎవురొచ్చినారు?”

మరి చెవిలో చెప్పిన మాట అని అడిగాను.

“చెవి ఉంటే గదప్పా చెప్పేదానికి.”

తర్వాత కూతురి వైపు తిరిగి, మీ నాయన మాట మార్చకుండానే పోయినాడు, నేనెట్ల మార్చేది అని తలుపు వేసింది.  తిరుమలమ్మ మూట తీసుకుని కొట్టం వైపు పోయింది.

స్టేషన్లో పెంచలయ్య కనిపించాడు. బండి దిగడం చూశానన్నావు కదా అని గట్టిగా పట్టుకున్నాను. అతను చెయ్యి విదిలించుకున్నాడు. ఆ రోజు తన గ్యాంగ్ పాకాల దగ్గర ఉందట. చంద్రగిరిలో లేనేలేడట. షాపు మెట్ల మీదికి వచ్చింది నన్ను నిలదీయడానికేనట.

29 అక్టోబరు, సోమవారం. పగలు.

19వ తేదీ పేజీ తిప్పి చదివాను. కాళ్లు పట్టుకోబోయాడని ఉంది. నా అక్షరాలే. సిరా నాదే. మునిరత్నమ్మను చొక్కా గురించి అడిగాను. ఏ చొక్కా అంది. పెరట్లో స్నానమేంటి, ఆ రోజు తొమ్మిదింటికి గానీ ఇంటికి రాలేదు కదా అంది.

నేను వెళ్లానని లోకంలో ఇప్పుడు ఎవరూ అనడం లేదు. ఈ పుస్తకం ఒక్కటే అంటోంది.

నిజం చెప్పాను. నిజం చెప్పి కుప్పయ్యను ఒంటరివాణ్ని చేశాను.

31 అక్టోబరు.

జ్వరం. నడుము విరిగినట్టుంది. మిషను తొక్కలేకపోతున్నాను.

1 నవంబరు, గురువారం. ఉదయం 8.

అరచేతుల్లో లేచాయి. ముందు చేతుల్లోనే. రెండు అరచేతులూ, మణికట్లూ. ఇంకెక్కడా లేవు.

ఈ ఏడు చిత్తూరులో ఒక్క ఇంట్లోనూ మశూచి లేదు. సోకిన రెండు వారాలకు గానీ అది పైకి లేవదు. నేను నవ్వాను. మునిరత్నమ్మ జ్వరం తలకెక్కిందనుకుంది. నన్ను ముట్టుకోవద్దని అరిచాను. ఆమె రవిక చెయ్యి పైకి లాగి చూపించింది. టీకా మచ్చ.

“మార్చిలోనే ఏయించుకున్నా. నీకు చెప్పలేదు. నీ ప్రసంగం నువ్వు చేసుకున్నావు, నా పని నేను చేసుకున్నా. పడుకో.”

పదకొండేళ్లు నేను ఎవరికి బోధించాను!

2 నవంబరు, శుక్రవారం.

పెంచలయ్య వచ్చాడు. గుమ్మం దాటకుండా వీధిలో నిలబడి కిటికీలోంచి నా చేతులు చూశాడు. 

“ఈ ఊళ్లో యాడా అమ్మవారు లేదే. మా బావ చెయ్యి పట్టుకోకుంటే ఇది నీకెట్లొచ్చె?”

 అతని మొహం మెల్లగా మారింది, దూరంగా ఉన్న మనిషిని గుర్తుపడుతున్నట్టు. కేక వేసినా వెనక్కి తిరగలేదు గదా నువ్వు, అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. పిల్ల ఇంకా కొట్టంలోనే ఉందట. రేపు వస్తాను, చెవిలో మాట చెప్పమంటోంది మాయక్క, అన్నాడు.

ఆ రోజు పాకాలలో ఉన్నానన్నావే అని అడగలేదు. ఈసారి నేను దేన్నీ తేల్చను.

3 నవంబరు.

ఎడమ చెయ్యి కాస్త ఆడుతోంది. దానితో రాస్తున్నాను. చెవిలో ఎవరి ఊపిరో వెచ్చగా ఉంది. వేపాకు వాసన. మంచం పట్టె నా తొడకు గుచ్చుకుంటోంది. ఇది నా గొంతు కాదు, కుప్పయ్యది.

“ఉపదేశయ్యా, తలుపు తెరిసి పెట్టింది నీ ఒక్కనికోసరమే కాదు. బిడ్డ వస్తే లోపలికి పిలవమను.”

మునిరత్నమ్మా, ఈ పేజీ ఒక్కటి చించి, రోగం అంటకుండా ఇస్త్రీపెట్టెతో కాల్చినట్టు రుద్ది, పెంచలయ్యకు ఇయ్యి. ముందు పేజీలు ఎవరూ చూడొద్దు.